ఒక మూల రబ్బరు లేని ఇంజన్

షెడ్డు నుంచి,
ఎండలు ముదిరే రోజులు

అన్నయ్యా,

రేవు దగ్గర టీ కొట్టుకి ఫోన్ చేశాను. మళ్లీ చేశాను. కొట్టాయన నిన్ను పిలుచుకొస్తానని వెళ్లి, తిరిగొచ్చి, “మీ అన్న చెయ్యి ఊపాడమ్మా, రానన్నాడు” అన్నాడు. చెయ్యి ఊపి తోలడానికి నేనేమన్నా ఈగనా? సొంత చెల్లెలు ఫోన్ చేస్తే ఆ బల్లకట్టు ఇంజన్ గుంటలోంచి పైకి రావడానికి ఒళ్లు అంత బరువైపోయిందా? సరే, ఉత్తరమే గతి అయితే ఉత్తరమే రాస్తాను. బొగ్గు లారీ డ్రైవరు మీ రేవు మీదుగానే పోతాడు కాబట్టి ఆయన చేతికిస్తున్నాను. నాకు రాయడం చేతకాదని నీకు తెలుసు. మాటలు నట్లూ బోల్టుల్లా చెల్లాచెదురుగా పడి ఉంటాయి, ఏరుకో.

మీ ఓనరమ్మ తన బల్లకట్టుకి అడిగిన ఇంజన్ దొరికింది. క్వారీ వెనక ఏళ్ల తరబడి పడి ఉన్న పొడుగు ముక్కు లారీది. ఆరు సిలిండర్లు. టైర్లు మట్టిలో కలిసిపోయాయి, క్యాబిన్‌లో తేనెపట్టు, సీటు కింద పిల్లి కాపురం. కానీ బ్లాకు మీద ఒక్క పగులు లేదు. షెడ్డుకి ఈడ్చుకొచ్చేసరికి గొణుగుడు మేస్త్రీ గ్యాస్ కట్టర్ వెలిగించి నిలబడి ఉన్నాడు. “ఇది తూకానికి పోయే సరుకు. జరుగు” అన్నాడు. బానెట్ ఎక్కి కూర్చున్నాను. “ముందు నన్ను కొయ్యి, తర్వాత దీన్ని” అన్నాను. కాసేపు గొణిగి కట్టర్ ఆపాడు. “నడిచిందా, బల్లకట్టుకి పంపుదాం. నడవలేదా, నీ చేత్తోనే కొయ్యాలి” అన్నాడు.

నడిచింది అన్నయ్యా. రింగులు, బేరింగులు, నాజిళ్లు, అన్నీ విప్పి, కడిగి, మార్చాల్సినవి మార్చి బిగించాను. ఒక్కడంటే ఒక్కడు పక్కన నిలబడి ఇలా కాదు అలా అని చెప్పలేదు. నువ్వు కూడా నాకేమీ నేర్పలేదు, గుర్తుందిగా. నువ్వు వెళ్లిపోయాక నీ పానాలు తీసుకుని దొరికినదల్లా విప్పి నేర్చుకున్నాను.

కానీ ఒక చప్పుడుంది. పెద్దత్త కట్టుడు పళ్లు పెట్టుకుని సణిగినట్టు. ఎక్కడిదో అంతుపట్టడం లేదు. ఇలాంటి ఇంజన్ల మధ్యే నువ్వు పెరిగావు, అదేంటో చెప్పు. రోజంతా దాని పక్కన కూర్చునేది నువ్వే. నది మధ్యలో అది ఆగిపోతే జనం తిట్టేదీ నిన్నే.

పానా

*

రేవు నుంచి,
నీళ్లు బాగా తగ్గిపోయాయి

ఒసేయ్ పానా,

నీ ఉత్తరం అందింది. మడత విప్పగానే డీజిల్ కంపూ తిట్లూ కలిసి మొహాన కొట్టాయి. చూడకుండానే నీదని చెప్పొచ్చు.

ఫోన్ సంగతి. నా పని ఎలాంటిదో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదేమో. బల్లకట్టు అడుగున గుంట, గుంటలో ఇంజన్, దాని పక్కన నేను. పైన సరంగు చుక్కాని పట్టుకుని ఉంటాడు. ఆయనకి నేను కనపడను, నాకు నది కనపడదు. తాడు లాగి గంట కొడతాడు. ఒక గంటకి ముందుకి, రెండు గంటలకి వెనక్కి, మూడు కొడితే ఆపెయ్యమని. దాన్ని బట్టి నేను గేరు మారుస్తాను. ఒడ్డుకి చేరామో లేదో మళ్లీ జనం, సైకిళ్లు, మేకలు, మళ్లీ గంట. మధ్యలో వదిలేసి టీ కొట్టుకి పరిగెత్తడం కుదరదే. కోప్పడకు. ఉత్తరం రాయి. ఉత్తరమైతే నిదానంగా చదువుకుంటాను, దాచుకుంటాను కూడా.

మా పాత ఇంజన్ గురించి చెప్పేదేముంది. ముందు పొగ పోతుంది, దాని వెనకాల మేం పోతాం. నీ ఇంజన్ కోసం ఓనరమ్మ రోజూ అడుగుతోంది.

చప్పుడు ఎలా ఉందో కాదు, ఎప్పుడు వస్తోందో చూడు. చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక పోతే భయం లేదు. వేడెక్కాక కూడా ఉంటే ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చెయ్యి. ఆ సిలిండర్‌కి డీజిల్ అందదు. ఏది వదులు చేసినప్పుడు చప్పుడు ఆగుతుందో రోగం అక్కడుంది. చూసి రాయి. తొందరపడి మొత్తం విప్పకు. నీ సంగతి నాకు తెలుసు.

అమ్మని అడిగానని చెప్పు.

అన్నయ్య

*

షెడ్డు నుంచి,
అవే ఎండలు, షెడ్డు రేకు పెనంలా ఉంది

అన్నయ్యా,

అమ్మని నువ్వే అడుగు. నేనేం పోస్టుమాన్ని కాదు. నువ్వు ఫోన్‌కి రావని ఆవిడ రోజూ నా మీద పడుతోంది, నేనేదో నీ గొంతు కట్టేసినట్టు.

వేడెక్కాక కూడా ఉంది. నువ్వు చెప్పినట్టే నట్లు వదులు చేశాను. మూడో దాని దగ్గర తగ్గినట్టనిపించింది. మళ్లీ చూస్తే నాలుగో దాని దగ్గరా తగ్గినట్టనిపించింది. పక్కన ఇంకో లారీ చాసిస్ కోస్తున్నారు, సుత్తులు, గ్రైండరు, మేస్త్రీ గొణుగుడు. ఈ గోలలో నా చెవుల మీద నాకే నమ్మకం పోయింది.

చప్పుడుని కాగితం మీద పెట్టడం నా వల్ల కాదు. అందుకే అమ్మ పాటలు వినే టేప్ రికార్డర్ షెడ్డుకి తెచ్చాను. మధ్యాహ్నం అందరూ తిండికి పోయాక ఇంజన్ స్టార్ట్ చేసి, చల్లగా ఉన్నప్పుడు కొంత, వేడెక్కాక కొంత, క్యాసెట్టులో ఎక్కించాను. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. విను. విని ఒక్క ముక్కలో చెప్పు. చుట్టూ తిప్పి సలహాలు రాయకు, నాకు చిరాకు.

పానా

*

రేవు నుంచి,
మబ్బు పడుతోంది, వాన లేదు

ఒసేయ్ పానా,

ఒక్క ముక్కలో చెప్పమన్నావు. నాలుగో సిలిండర్, కింది బేరింగ్.

టీ కొట్టు టేప్ రికార్డర్ అడిగి గుంటలోకి తెచ్చుకున్నాను. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఒక్కణ్ణే కూర్చుని విన్నాను. ఒకసారి చాలక ఇంకోసారి విన్నాను. మొదట మెల్లగా మొదలైంది. తర్వాత జోరందుకుంది. మధ్య మధ్య ఆగి, ఊపిరి తీసుకున్నట్టు ఆగి, మళ్లీ గట్టిగా కొడుతోంది. చివర్లో సన్నబడి ఆగిపోయింది. నాజిల్ అయితే ఇలా ఉండదు, అది ఒకే లెక్కన కొడుతుంది. ఇలా ఆగి ఆగి కొట్టేది వదులైన బేరింగే.

ఆయిల్ ట్రే దింపి చూడు. చాలా పాత ఇంజన్ కదా, అరిగిపోయి ఉంటుంది. దాని మీద కసురుకోకుండా జాగ్రత్తగా విప్పు.

అన్నయ్య

*

షెడ్డు నుంచి,
మొదటి వాన పడిన మర్నాడు

అన్నయ్యా,

నువ్వు చెప్పావని ఆయిల్ ట్రే దింపాను. నూనెలో మోచేతుల దాకా మునిగి నాలుగో బేరింగ్ విప్పాను. అద్దంలా ఉంది. మొహం చూసుకోవచ్చు. పక్కవీ విప్పాను. అన్నీ అద్దాలే. మేస్త్రీ వచ్చి చూసి, “మీ అన్న గొప్ప డాక్టరే” అని నవ్వుకుంటూ పోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చప్పుడు ఇంకోసారి ఎక్కించి పంపుదామని ఇంటికెళ్లి ఖాళీ క్యాసెట్టు వెతికితే, నీకు పంపాననుకున్న ఇంజన్ క్యాసెట్టు అమ్మ పాటల డబ్బాలోనే ఉంది.

రెండు క్యాసెట్లూ ఒకే రంగు, రెంటి మీదా పేర్లు లేవు. తొందరలో ఒకటి తీసి లారీ డ్రైవరుకిచ్చాను. నీకు వచ్చింది ఇంజన్‌ది కాదు. నీకు వచ్చింది అమ్మ.

నేను షెడ్డులో ఉన్నప్పుడు ఆవిడ నీ కోసం మాట్లాడి పెట్టుకుందట. ఏం మాట్లాడావమ్మా అని అడిగితే ముందు చెప్పనంది, తర్వాత అంతా చెప్పింది. రాస్తున్నాను, చదువు:

“ఒరేయ్ పెద్దాడా, ఇందులో నొక్కితే మాట్లాడొచ్చని చెల్లి చూపించింది. ఎర్రది నొక్కాను, లోపల తిరుగుతోంది, పడుతోందో లేదో తెలీదు. ఫోన్ చేస్తే రావు. పోయినసారి ఇంటికొచ్చినప్పుడు కూడా నేను వంటింట్లోంచి పిలుస్తుంటే పలకవు, గోడకేసి చూస్తూ కూర్చుంటావు. నా మీద కోపమా? ఉంటే చెప్పు, తిట్టు, మీ నాన్నలాగా లోపల పెట్టుకుని కూర్చోకు. మీ చెల్లి చూడు, కోపమొస్తే గిన్నెలు మాట్లాడతాయి, కానీ గంటలో మామూలైపోతుంది. నువ్వలా కాదు. నా గొంతు మర్చిపోయావేమోనని ఇందులో పెడుతున్నాను. ఒక్క ముక్క చెప్పరా, నా మీద కోపం లేదని. అంతే. ఎలా ఆపాలో తెలీడం లేదు దీన్ని.”

ఇది విని నువ్వు నాలుగో సిలిండర్ కింది బేరింగ్ అన్నావు.

ముందు నన్ను ఆటపట్టిస్తున్నావనుకున్నాను. నీ ఉత్తరం మళ్లీ చదివాను. జోరందుకుంది, ఊపిరి తీసుకుంది, సన్నబడింది, అన్నీ సరిగ్గానే రాశావు. మాటలు తప్ప. టీ కొట్టాయన చెయ్యి ఊపావన్నాడు. పోయినసారి ఇంట్లో మేమంతా నవ్వాక ఒక క్షణం ఆగి మా మొహాలు చూసి నవ్వేవాడివి. అప్పుడు నీకు పొగరు పెరిగిందనుకున్నాను.

నీకు వినపడుతోందా లేదా? ఈసారి ఒక్క ముక్కలోనే చెప్పు.

పానా

*

రేవు నుంచి,
జల్లులు

పానా,

లేదు.

అమ్మ మాటలు చదివాను. ఎన్నిసార్లో అడగకు. కోపం లేదని చెప్పు. ఈ రోజే చెప్పు, ఇది చదవడం ఆపి లేచి వెళ్లి చెప్పిరా.

స్పీకరు మీద అరచెయ్యి పెట్టాను. ఇప్పుడు నేను వినేది అలాగే. చేతికి ఏదో కొట్టింది. నువ్వు ఇంజన్ పంపానన్నావు కాబట్టి ఇంజన్ అనుకున్నాను. అమ్మ గొంతు చేతిలోకి వచ్చినా గుర్తుపట్టలేకపోయాను.

ఇక్కడికి రాకముందు కంకర మిల్లులో సైలెన్సరు లేని ఇంజన్ పక్కన కూర్చునేవాణ్ణి కదా. సగం అక్కడే పోయింది. మిగతాది ఈ గుంటలో. ఒక్కరోజులో పోలేదు. ముందు పిట్టలు పోయాయి. తర్వాత గిన్నెల చప్పుడు, తర్వాత నీ గొంతు, అమ్మ గొంతు. చివరికి మగాళ్లవీ పోయాయి. అలాగని నిశ్శబ్దంగా ఉంటుందనుకోకు. లోపల ఎవడో ఈల వేస్తూనే ఉంటాడు, వాడికి అలుపు లేదు.

కానీ పని ఆగలేదు పానా. ఇంజన్ ఒంటికి తెలుస్తుంది. కర్ర ముక్క ఒక కొస బ్లాకుకి ఆనించి, ఇంకో కొస పళ్ల మధ్య పెట్టుకుంటే ఏ సిలిండర్ ఏం చేస్తోందో పళ్లు చెప్తాయి. గంట వినను, గంట తాడు చూస్తాను. తాడు కదిలిందంటే మోగినట్టే. ఒక్కసారే తప్పింది. నూనె పోస్తూ వెనక్కి తిరిగి ఉన్నాను, తాడు లాగడం చూడలేదు. బల్లకట్టు వెళ్లి రేవు మెట్లకి గుద్దుకుంది. ఒక సైకిలు నీళ్లలో పడింది. దాని ఆసామి గుంట దగ్గరికి వచ్చి నోరు చాలాసేపు ఆడించాడు. అవేవీ వినపడలేదు, చెవుడు వల్ల నాకు కలిగిన లాభం అదొక్కటే. గేరు ఇరుక్కుందని చెప్పాను.

ఇప్పుడు నీకు తెలిసింది. ఇంకెవరికీ తెలియక్కర్లేదు. ఓనరమ్మకి తెలిస్తే మర్నాడే ఈ గుంటలో ఇంకొకడుంటాడు. చెవుల్లేని ఇంజన్ డ్రైవర్ని ఎవరు పెట్టుకుంటారు? నాకు ఇంకో పని రాదు. ఇంజన్ పంపు. మంచి ఇంజన్ ఉంటే నా చెవులతో పనేముంది?

అన్నయ్య

*

షెడ్డు నుంచి,
షెడ్డు ముందంతా బురద

అన్నయ్యా,

అమ్మకి చెప్పాను. కోపం లేదనీ చెప్పాను, ఎందుకు పలకలేదో కూడా చెప్పాను. తిట్టుకో. ఆవిడ లేచి టేప్ రికార్డర్ మీద గుడ్డ కప్పింది. తర్వాత, “అయితే అంత గట్టిగా అరవడం దండగే అన్నమాట. రాయించుకుంటే సరిపోయేది” అంది. ఇక రోజూ రాయిస్తోంది. వంటింటి కబుర్లు, పక్కింటి గోడ కూలిన వైనం, మన పెద్దత్త పళ్ల సంగతి. వేరే కాగితాల మీద ఉన్నాయి. నా చెయ్యి పడిపోయేలా ఉంది, చదివి చావు.

ఇక ఇంజన్. పంపను.

సైకిలు పడింది కాబట్టి నవ్వుకుంటూ రాశావు. సైకిలు పట్టుకుని నిలబడ్డవాడు పడి ఉంటే? వాడి వెనక చంటిపిల్లనెత్తుకున్న మనిషి ఉంటే? నువ్వు నూనె పోయడానికి వెనక్కి తిరగవా ఇంక? తుమ్మవా? కళ్లు మూయవా? అన్ని ప్రాణాలు ఒక తాడు మీద పెట్టి, ఆ తాడు మీద నీ కళ్లు పెట్టి కూర్చున్నావు. చెవులు పోవడం నీ తప్పు కాదు. దాచడం మాత్రం నీదే.

ఓనరమ్మకి నువ్వే చెప్పు. నేను చెప్పను, చాడీలు నా ఒంటికి పడవు. కానీ నువ్వు చెప్పానని రాసేదాకా ఇంజన్ ఈ గేటు దాటదు. గొణుగుడు మేస్త్రీ వాళ్ల తాత దిగొచ్చినా దాటదు. బానెట్ పీకేశాం కాబట్టి ఈసారి బ్లాకు మీదే కూర్చుంటాను.

చప్పుడు దొరికింది. కర్ర ముక్క పళ్ల మధ్య పెట్టుకున్నాను. షెడ్డంతా నవ్వారు. “ఏమ్మా, తిండి చాలక ఇంజన్ని కొరుకుతున్నావా?” అన్నాడొకడు. ఆ కర్రతోనే వాణ్ణి కొట్టబోయి ఆగాను. మూడో సిలిండర్ దగ్గర పన్ను జివ్వుమంది. నాజిల్ చుక్కలు కారుస్తోంది. మార్చాను, పోయింది.

నీ పద్ధతి పనిచేస్తుంది అన్నయ్యా. నాకు మంట అందుకే. చెప్పి దర్జాగా చేసుకోవాల్సిన పనిని దొంగలాగా చేస్తున్నావు.

పానా

*

రేవు నుంచి

చెప్పాను. సంతోషమా?

ఓనరమ్మ ఏదో అంది. నాకు తెలియలేదు. ఇంకోసారి అంది. అప్పుడు ఆవిడకి అర్థమైంది, నిజంగానే తెలియడం లేదని. టిక్కెట్ల గదిలోంచి సుద్దముక్క తెచ్చి, బల్లకట్టు చెక్క మీద వంగి రాసింది. రేపటి నుంచి తాడు పట్టు అని. సరంగు ఆవిడ వెనక నిలబడి నేల చూస్తున్నాడు. అందరూ చూస్తున్నారు. ఆ అక్షరాల మీంచి జనం నడిచిపోయారు. మధ్యాహ్నానికి చెరిగిపోయాయి, అయినా నాకు కనపడుతూనే ఉన్నాయి.

పై రేవు నుంచి ఒకాయన్ని తెచ్చారు. నా గుంటలో కాళ్లు చాపుకుని కూర్చుంటున్నాడు. గేరు వేస్తే పైన చెక్క మీద నిలబడ్డ నా కాళ్లకి తెలుస్తోంది, దాన్ని ఎలా చంపుతున్నాడో. నేను తాడు విసురుతాను, గుంజకి కడతాను, విప్పుతాను. ఆ పని మేక కూడా చేస్తుంది, నేర్పితే.

నువ్వు షెడ్డులో కూర్చుని పెద్ద మాటలు రాశావు. చెవులున్నదానివి రాస్తావు. నీ ఇంజన్ ఇప్పుడు పంపితే ఎంత, పంపకపోతే ఎంత. ఎవడి కోసమో పంపుకో.

*

షెడ్డు నుంచి,
వాన వెలిసింది

అన్నయ్యా,

తిట్టావు. తిట్టు. ఇన్నాళ్లూ కోప్పడకు, తొందరపడకు, జాగ్రత్త అని ఎవరో పంతులుగారు రాసినట్టు రాసేవాడివి. ఇది మాత్రం నువ్వే రాశావు. నాకు జవాబు చెప్పడానికి కోపం రావడం లేదు, ఏం చెయ్యను.

ఇంజన్ పంపుతున్నాను. ఎవడి కోసమో కాదు, నీ కోసమే చేశాను. ఏం చేశానో చెప్తాను, బిగించేటప్పుడు నీకు తెలియాలి.

మామూలుగా ఇంజన్ని నాలుగు మూలలా రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతాం కదా, అదురు బయటికి పోకుండా. దీనికి మూడు మూలల్లోనే రబ్బరు ఉంది. నీ ఎడమ కాలు వైపు మూలలో తీసేశాను. ఇనుప దిమ్మ పెట్టబోతే మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు. “ఇనుము పెడితే ఇంజన్ కాలు పగులుతుంది. చెక్క పెట్టు” అన్నాడు. నేను అడగకుండానే చెప్పాడు, పక్కన నిలబడి నాకు ఒకరు చెప్పడం అదే మొదటిసారి. లారీ తొట్టి అడుగు చెక్క ఉందే, ఏళ్ల తరబడి రాళ్లు మోసింది, దానిలోంచి దిమ్మ కోసి పెట్టాం. దాన్ని ఆనుకుని ఒక కడ్డీ బయటికి వస్తుంది. ఆ కడ్డీ కొసకి నువ్వు కాలు పెట్టుకునే పలకని బిగించు. నీ మడమ దాని మీద ఉంటే చాలు. నూనె పోస్తున్నా, వెనక్కి తిరిగినా ఇంజన్ నీకు తెలుస్తూనే ఉంటుంది.

గంట సంగతి. లారీ వెనక ఎర్ర దీపాలు రెండూ పగలకుండా ఉన్నాయి. పీకి పంపుతున్నాను. ఒకటి నీ ముందు, ఒకటి నీ వెనక గోడకి పెట్టు. లారీ హారన్ మీట సరంగు చేతి దగ్గర బిగించు. గంట కొట్టినన్నిసార్లు ఆయన మీట నొక్కాలి. గుంటంతా ఎర్రబడుతుంది, నువ్వెటు తిరిగినా కనపడుతుంది. వైర్లకి రంగులు వేశాను.

గేర్ బాక్సు లారీదే. వెనక చక్రాలకి పోయే షాఫ్టు ఇకమీద మీ ప్రొపెల్లర్‌కి పోతుంది.

ఓనరమ్మకి ఒక్క మాట చెప్పు. ఆ పై రేవు ఆయన్నీ నిన్నూ ఇద్దర్నీ గుంటలోకి దింపి నది దాటించమను. ఎవరు ఎంత పనికొస్తారో చూసుకుని నిర్ణయించుకోమను. నేను రాలేను, ఇంకో లారీ కోతకొచ్చింది. దాని మీద ఎక్కి కూర్చోవాలా వద్దా అని చూడాలి.

పానా

*

రేవు నుంచి,
నది నిండుగా ఉంది

ఒసేయ్ పానా,

ఇంజన్ వచ్చింది, బిగించాం. నీ దీపాలు పెట్టాం. మొదటిసారి మీట నొక్కి చూడమంటే సరంగు ఆనందం పట్టలేక వదలకుండా నొక్కాడు. ముందుకా వెనక్కా, పెళ్లా చావా తెలియక నేను గుంటలోంచి పైకి వచ్చి చూశాను. ఇప్పుడు నేర్చుకున్నాడు.

ఓనరమ్మకి నీ మాట కాగితం మీద రాసి చూపించాను. చాలాసేపు చూసింది. తలూపింది. జనాన్ని ఎక్కించలేదు, ఇసక బస్తాలు వేయించింది. పై రేవు ఆయనా నేనూ గుంటలోకి దిగాం. ఓనరమ్మ మెట్టు మీద కూర్చుంది, చీర కుచ్చిళ్లకి నూనె అంటుతున్నా లేవలేదు.

పోయేటప్పుడు ఏమీ లేదు. పై రేవు ఆయన చెవి ఆనించి విని బొటనవేలు పైకెత్తాడు. కొత్త పెళ్లికూతుర్ని చూసినట్టు చూశాడు దాన్ని. వచ్చేటప్పుడు, నది మధ్యలో, వెనక్కి గేరు వేసి ముందుకి మార్చినప్పుడు, మడమ కింద ఒకటి కొట్టింది. చిన్నది. మళ్లీ గేరు మార్చాను. మళ్లీ కొట్టింది. ఇంజన్ లెక్కలో లేని దెబ్బ అది. ఆపాలన్నాను. ఆయన చెవి ఆనించి విని తల అడ్డంగా ఊపాడు. కర్ర పళ్ల మధ్య పెట్టుకుని వెనక్కి జరిగాను. ఇంజన్‌లో కాదు, ఇంజన్‌కీ గేర్ బాక్సుకీ మధ్య. ఓనరమ్మ మా ఇద్దరి మొహాలూ చూసింది. నా నోట్లో కర్ర ఉంది, ఎంత గొప్పగా కనపడి ఉంటానో ఊహించుకో. ఆవిడ చెయ్యెత్తింది, మెల్లగా ఒడ్డుకి పోనిమ్మని.

గేర్ బాక్సు దింపి, క్లచ్ విప్పాం. ఫ్లైవీల్ చక్రాన్ని ఇంజన్‌కి పట్టి ఉంచే బోల్టుల్లో ఒకటి నా వేళ్లకే తిరిగింది. బయటికి తీస్తే మెడ సాగిపోయి ఉంది. ఇంకోటి కూడా సాగడం మొదలుపెట్టింది. జనంతో నిండిన రోజు అవి తెగి ఉంటే ఏమయ్యేదో నీకు రాయక్కర్లేదు.

పై రేవు ఆయన మంచివాడే. ఆ బోల్టు తీసుకుని తిప్పి తిప్పి చూసి, నా ఎదురుగా నిలబడి, నాకు అర్థమయ్యేలా పెదాలు సాగదీసి అన్నాడు: “నాకు వినపళ్లేదు.”

ఓనరమ్మ పై రేవు ఆయన్ని ఇంటికి పంపింది. నాకు రాసి చెప్పడానికి నా దగ్గరుంచుకున్న సుద్దముక్క అడిగింది. ఈసారి చెక్క మీద రాయలేదు. గుంటలోకి దిగి, దీపం పక్కన గోడ మీద, జనం తొక్కనిచోట రాసింది: నువ్వు చెప్పేదాకా కదలదు.

బల్లకట్టు కట్టేసి ఉంది. కొత్త బోల్టులు కావాలి.

ఇంక నీ సంగతి. ఆ బోల్టులు లారీవి కావు, కొత్తవి. సరుకు మంచిదే. అరిగి సాగలేదు. ఎవరో బిగించాల్సినదానికంటే చాలా ఎక్కువ బిగించారు. ఎవరు బిగించారు?

అన్నయ్య

*

షెడ్డు నుంచి,
నీ ఉత్తరం చదివిన వెంటనే

అన్నయ్యా,

నేనే.

ఏ రోజు బిగించానో కూడా తెలుసు. నువ్వు “లేదు” అని రాసిన ఉత్తరం వచ్చిన రోజు. చదివి, అమ్మకి చెప్పి, తిరిగొచ్చి ఫ్లైవీల్‌కి కొత్త బోల్టులు వెయ్యడానికి కూర్చున్నాను. పానాకి పొడుగు పైపు తొడిగి తొక్కాను. బోల్టు చాలంటున్నా తొక్కాను. నీ మీద కోపం, కంకర మిల్లు వాడి మీద కోపం, మేమంతా నవ్వుతుంటే నీకు పొగరు అనుకున్న నా మీద కోపం. అవన్నీ ఆ బోల్టుల్లోకి పోయాయి. గట్టిగా బిగిస్తే గట్టిగా ఉంటుందనుకున్నాను. ఆ పక్కన మేస్త్రీ ఉన్నాడు. ఆ రోజు నన్ను చూసి భయపడి ఏమీ అనలేదట. ఇప్పుడు చెప్తున్నాడు.

నువ్వు ఆపకపోతే నా చేత్తో చేసింది నది మధ్యలో విడిపోయేది. దానికి సాకులేమీ రాయను.

ఒకటి కాదు, మొత్తం మార్చాలి. మిగతావి బాగున్నట్టు కనపడినా నమ్మకు, అన్నీ అదే రోజు అదే కాలి తొక్కుడు తిన్నాయి. నువ్వు ముట్టుకోవద్దు. కొత్తవి తీసుకుని నేనే వస్తున్నాను. రేపు పొద్దున బొగ్గు లారీలో. బిగింపు ఎంతో చూపించే ముల్లు ఉన్న పానా మేస్త్రీ దగ్గర ఉంది, ఎవరినీ తాకనివ్వడు. అడిగాను. గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

వచ్చాక నువ్వు నన్ను ఏమీ అనకు. ఓదార్చడం కూడా వద్దు. బోల్టులు బిగించినంతసేపు దూరంగా కూర్చో.

తర్వాత స్టార్ట్ చేద్దాం. నేను వింటాను, నువ్వు మడమ ఆనించు. ఇద్దరం ఒకే మాట అన్నాకే తాడు విప్పమందాం.

పానా